నాలుగో నియమం

ఆ వేసవిలో ఏలీము విశ్రాంతి గృహం కోసం నేను ఏడు నియమాలు రాశాను. ఆరింటి గురించి నాకేమీ బాధ లేదు. నాలుగోదాన్ని మాత్రం ఈనాటికీ ఎవరైనా పైకి చదివితే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి బయటకు వెళ్లిపోతాను.

అది ఎనభై నాలుగు. స్టీలు ప్లాంటు కట్టుబడి ఆఫీసులో నేను గుమాస్తాని. మా వంశంలో కాలేజీ గుమ్మం తొక్కినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏలీము అంటే జాలరిపేట దాటాక కొండవాలు మీద ఉండే పన్నెండు గదుల పెంకుటిల్లు. వెనకటి మిషనరీ దొరసాని గారొకామె కట్టించారు. బైబిల్లో ఏలీము దగ్గర పన్నెండు నీటి బుగ్గలున్నాయి కాబట్టి పన్నెండు గదులు చాలన్నారట. పింఛను పుచ్చుకునే టీచర్లు, నర్సులు, పోర్టులో రిటైరైనవాళ్లు నెలకింత అని కట్టి అక్కడ ఉండేవారు. చర్చి సంఘం వాళ్లదే అయినా మతం పట్టింపు లేదు. ఆ గృహానికి నేను గౌరవ సెక్రటరీని, అంటే జీతం లేని సెక్రటరీని. మా అమ్మ విమలమ్మ అక్కడ పంతొమ్మిదేళ్లుగా వంటమనిషి.

ఈ చివరి రెండు సంగతులూ నేను ఎవరికీ కలిపి చెప్పేవాణ్ణి కాదు. ఆఫీసులో ఎవరైనా "మీ మదరేం చేస్తారు?" అని అడిగితే "మిషన్ సంస్థలో పనిచేస్తారు" అనేవాణ్ణి. అది అబద్ధం కాదు కదా అని నాకు నేనే చెప్పుకునేవాణ్ణి.

ప్లాంటు పనులు మొదలయ్యాక ఊళ్లో అద్దెలు మండిపోయాయి. ఒంటరి ముసలివాళ్లకు ఇల్లిచ్చేవాళ్లు లేకపోయారు. ఆ ఏడాది మార్చి నాటికి ఏలీములో చేరతామని అర్జీలు పెట్టుకున్నవాళ్లు పదిహేడుమంది. ఇంకో ఆరు గదులు వేద్దామన్నారు. ముప్ఫయ్యారు వేలు అవుతుందని మేస్త్రీ లెక్క కట్టాడు. సగం సంఘం ఇస్తుంది. మిగతా పద్దెనిమిది వేలు ఎవరు పెట్టాలి?

ఆ ఒక్క ప్రశ్న మీద ఏప్రిల్ నెలంతా ఏలీము వరండా దద్దరిల్లింది.

"ఏటండీ ఈ లెక్క?" అన్నారు గురునాథరావు గారు. పోర్టులో ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా చేసి వచ్చినాయన. తగరపువలస దగ్గర రైతు కుటుంబం. నుదుట విభూతి చెరగకుండానే సాయంత్రం ప్రార్థనలో మా వాళ్లందరి పక్కనా కూర్చునేవారు. "ఎవరో వస్తారని మనం తలో పదిహేను వందలు కట్టాలా? ఆ గోడ ఎక్కడ లేస్తుందో చూసేరా? సరిగ్గా మన కిటికీల ముందు. మన గాలి మూసీడానికి మనమే డబ్బిచ్చుకోవాలా?"

"అసలు కట్టక్కర్నేదు బావా," అన్నాడు తాతబాబు. ఆయన పోర్టులో లాంచీ నడిపి రిటైరయ్యాడు. "కూసింత ఓపిక పడితే సాలు. ఎనకా ముందూ మనమందరం ఎల్లిపోయీవోళ్లమే. గదులు వాటంతటవే కాళీ అయిపోతాయి."

"అయితే నువ్వు ముందెళ్లు."

"నానెలగెల్తాను? లాంచీ డ్రైవర్ని. అందర్నీ అవతలొడ్డుకి దించీసి ఆకర్న ఎల్తాను."

అందరూ నవ్వారు, ఫ్లోరెన్స్ గారు తప్ప. ఆవిడ ముప్ఫయ్యేళ్లు నర్సుగా చేసినావిడ. నవ్వేటప్పుడు కూడా చేతి గడియారం చూసుకునే అలవాటు. "కొత్తగా వచ్చేవాళ్లే తలో మూడు వేలూ కట్టాలంటారు, సరే. పింఛను లేనివాళ్లు ఎక్కణ్ణించి తెస్తారు? ఆ పదిహేడుమందిలో ఆయాలున్నారు, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన బైబిల్ స్త్రీలున్నారు. వాళ్లు ఇన్నాళ్లూ మన పడకలు సర్దినవాళ్లేనండీ."

"సంఘాన్నే ఇంకొంచెం అడిగితే?" అన్నారెవరో.

"అడిగాను," అన్నారు అధ్యక్షులు దేవదానం మాస్టారు. "పాస్టరు గారు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కారుతున్న చర్చి కప్పు చూపించారు."

మూడు వారాలు ఇదే. చివరికి మాస్టారు నావైపు తిరిగారు. "దానం బాబు డిగ్రీ చదివినవాడు. అందరికీ ఒకటే కొలతగా నియమాలు రాసి తెస్తాడు. ఓటు పెడదాం."

అందరికీ ఒకటే కొలత. ఆ మాట నాకు చాలా నచ్చింది.

*

మే మొదటి వారంలో అమ్మకు మోకాలు వాచింది. చేపల కోసం రోజూ తెల్లవారకముందే ఆవిడే ఫిషింగ్ హార్బర్‌కు వెళ్లేది. ఆ రోజు నా భార్య జయశీల నన్ను లేపి, "గంప మీరు మొయ్యండి" అని పంపింది.

మరబోట్లు అప్పుడే ఒడ్డుకు చేరాయి. ఐసు పెట్టెల మధ్య వేలం పాట గట్టిగా సాగుతోంది. నేను జేబురుమాలు ముక్కుకు పెట్టుకోవడం నూకాలు చూసింది. అమ్మకు ఎప్పటినుంచో చేపలిచ్చే మనిషి.

"ఏటి బాబూ, ముక్కు మూసుకున్నావు? ఈ వోసన మీదే గదా నువ్వు పేంటు ఏసినావు!"

"ఊరుకోయే," అంది అమ్మ. "ఆడికి అలవాటు నేదు." నూకాలు పెట్టిన కోనాం ముక్కలు ఒక్కొక్కటే తిప్పి చూసి ఏరుకుంది. పళ్లు లేనివాళ్లకు ముల్లు తక్కువ చేప కావాలి. ఎవరు ఏది నమలగలరో ఆవిడకు నోటికి వచ్చు.

గంప నిండాక అక్కడే ఒక తాడు చుట్ట మీద కూర్చుని మోకాలు రాసుకుంటూ అంది.

"బాబూ, ఆరు గదులు కడతన్నారు గదా. అందులో ఒకటి నాకిమ్మని అడుగుతావేటి?"

"నీకెందుకమ్మా?"

"దొరసాని గారు సీమకి ఎల్లినప్పుడు సెప్పీసి ఎల్లినారు. విమలా, నువ్వు డేకిసా ఎత్తలేని రోజొత్తే నీకిక్కడ గది ఉంటాదీ అని. ఇప్పుడు ఎత్తలేకపోతన్నాను."

"నేనున్నాను కదా. మా ఇంట్లో నీకేం తక్కువైంది?"

"తక్కువైందని నానన్నానా? జయశీల బంగారం." కాసేపు మోకాలు రాసుకుంది. "సిన్నప్పుడు మా అయ్యింట్లో అరుగు మీద తొంగున్నాను. పెళ్లయినాక మీ నాయనతో గోడౌను వరండాలో. ఇప్పుడు మీ వంటగదిలో. ఎప్పుడూ ఎవులో ఒకలు దాటెల్లే జాగానే బాబూ. నాకూ ఒక గడియ ఉండాల. నాను ఏసుకుంటే ఏసుకునీది, తీసుకుంటే తీసుకునీది."

"కొడుకు బతికుండగా తల్లి అక్కడ ఉందంటే పదిమందీ ఏమనుకుంటారమ్మా?"

"పదిమందంటే ఎవులు?"

నాకు తెలిసిన పదిమందీ మా సెక్షనులో వాళ్లే.

వాళ్లలో ఒకరు సరిగ్గా అప్పుడే కనిపించారు. మా సూపరింటెండెంటు భీమశంకరరావు గారు, చేతిలో సంచీతో, రొయ్యలు బేరమాడుతూ మావైపే వస్తున్నారు. నేను మోస్తున్న గంప ఎప్పుడు కింద పెట్టానో నాకే తెలియదు. నాలుగడుగులు పక్కకు జరిగి నిలబడ్డాను.

"ఏమయ్యా యేసుదానం! నువ్వూ చేపలకేనా?"

"అవును సార్."

అమ్మ ఆయన్ని చూసింది. నన్ను చూసింది. తర్వాత నాకు వీపు తిప్పి నూకాలుతో ఏదో ధర గురించి మాట్లాడసాగింది. ఆ మాటల్లో ఒక్కటీ నావైపు రాలేదు. భీమశంకరరావు గారు నా భుజం మీద చెయ్యి వేసి, బిల్లులు ఎక్కడ ఆగాయో అడుగుతూ నన్ను రోడ్డు దాకా నడిపించుకుపోయారు. వెనక్కి తిరిగి చూసేసరికి అమ్మ గంప నడుముకెత్తుకుని, వాచిన కాలు ఈడ్చుకుంటూ, అవతలి వైపు నుంచి రిక్షాల దగ్గరకు వెళ్తోంది.

ఆ రోజు ఇంట్లో ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు. గది సంగతి కూడా ఎత్తలేదు. నాకు చెప్పేసింది కదా, నేను చూసుకుంటాననుకుంది.

*

నియమాలు మా ఇంటి బల్ల మీద, కార్బను కాగితం పెట్టి, మూడు ప్రతులు రాశాను. కొత్తగా చేరేవారు గదికి మూడు వేల రూపాయలు డిపాజిట్టు కట్టాలి. పాతవాళ్లు ఏమీ ఇవ్వక్కర్లేదు. కొత్త గోడ పాత కిటికీలకు పది అడుగుల దూరంలో ఉండాలి. ఇలా మూడు అయ్యాక నాలుగోది రాశాను.

"గతంలో ఎవరైనా ఎవరికైనా నోటిమాటగా ఇచ్చిన హామీలు చెల్లవు. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు."

ఆ మాటలు రాసేటప్పుడు అమ్మ నా మనసులో లేదని ఇక్కడ రాయాలని ఉంది. ఉంది. ఆ హామీ ఇంకెవరికీ లేదని నాకు తెలుసు. సెక్రటరీ తల్లికి మినహాయింపు ఇస్తే మాట వస్తుందనేది నేను ఎంచుకున్న కారణం. అమ్మకు గది వస్తే ఏదో ఒక రోజు ఆఫీసులో తెలుస్తుందనేది అసలు కారణం. ఎంచుకున్న కారణం ఎంత గట్టిదంటే, దాని మీద చెయ్యి వేసుకుని నేను హాయిగా నిద్రపోయాను.

మే ఆఖరి ఆదివారం వరండాలో సమావేశం. పన్నెండుమందీ వచ్చారు. మాస్టారు కళ్లజోడు సర్దుకుని నియమాలు చదివారు. మొదటిదానికి గురునాథరావు గారు "బావుంది" అన్నారు. మూడోదానికి "మరీ బావుంది" అన్నారు. నాలుగోది చదివి మాస్టారు ముందుకు వెళ్లబోతుంటే ఫ్లోరెన్స్ గారు చెయ్యెత్తారు.

"ఒక్క నిమిషం. ఈ నాలుగోది విమలమ్మకు తగులుతుంది కదండీ. దొరసాని గారు ఆమెకు మాటిచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. పంతొమ్మిదేళ్లు మనకు వండింది. అదే ఆమె డిపాజిట్టు అనుకోకూడదా?"

అమ్మ అప్పుడే టీ కెటిలుతో గుమ్మంలోకి వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

తాతబాబు గొంతు సవరించుకున్నాడు. "అదీ నిజమే మరి..." అని నావైపు చూశాడు. అందరూ నావైపే చూశారు. నేను ఔనంటే చాలు. ఎవరూ కాదనరు. ఆ సంగతి వాళ్ల ముఖాల్లో కనిపిస్తోంది.

లేచి నిలబడ్డాను.

"ఆమె నా తల్లి. అందుకే నేను ఆమె గురించి మాట్లాడకూడదు. ఈ రోజు మా అమ్మకు ఒక మాట, రేపు ఇంకొకరికి ఇంకో మాట అయితే నియమాలెందుకు? కొలత అందరికీ ఒకటే ఉండాలి."

మొదట చప్పట్లు కొట్టింది గురునాథరావు గారు. లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపారు. "కన్నతల్లని కూడా చూడలేదండీ! ఇలాంటివాళ్లుండబట్టే లోకం నడుస్తోంది." ఇంకొందరు తలలూపారు. ఫ్లోరెన్స్ గారు చెయ్యి దించి గడియారం చూసుకున్నారు. ఏడు నియమాలూ నెగ్గాయి.

అమ్మ అందరికీ టీ పోసింది. మళ్లీ తిరిగి గ్లాసులు ఏరుకుంది. నా దగ్గరకు వచ్చేసరికి నా గ్లాసు నిండుగానే ఉంది.

"సల్లారిపోయింది గావాల," అంది. "మళ్లీ పొయ్యనా బాబూ?"

"వద్దమ్మా."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లాక జయశీలకు నేనే చెప్పాను, గొప్పగానే. ఆమె బియ్యం కడుగుతూ వింది.

"స్కూటరుకని దాచిన డబ్బులున్నాయి కదా," అంది. "మూడు వేలు మనమే కట్టొచ్చు."

"డబ్బు సంగతి కాదు."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను." నీళ్లు వంపేసి మళ్లీ పోసింది. "అత్తయ్య గారు మీకంటే ముందే వచ్చి నాతో ఏమన్నారో తెలుసా? మా వోడు అలగ సెప్పినప్పుడు అందరూ సప్పట్లు కొట్టినారే, అన్నారు. సంతోషంగానే అన్నారు. నాకే అన్నం వండబుద్ధి కావడం లేదు."

*

జూన్ నెలంతా గోడలు లేచాయి. సిమెంటు పర్మిట్ల కోసం నేనే ఆఫీసుల చుట్టూ తిరిగాను. అమ్మ పని మానలేదు. డేకిసా ఎత్తడానికి తాతబాబు వంటింట్లోకి వచ్చి సాయం పట్టేవాడు. "లంగరు ఎత్తినోణ్ణి, ఇదో లెక్కా" అని అరిచేవాడు. ఇంట్లో మా వంటగదిలో అమ్మ పక్క ఎప్పటిలాగే పొయ్యికీ గోడకీ మధ్య. తెల్లవారి నీళ్ల కోసం లేచినప్పుడు నేను ఆవిడ కాళ్లు దాటేవాణ్ణి. అంతకుముందు కూడా దాటేవాణ్ణి. అడుగు ఎత్తేటప్పుడు కిందికి చూడడం మాత్రం ఆ నెలలోనే మొదలైంది.

మొదటి వానలు పడ్డ ఆదివారం, ఆరాధన అయ్యాక ఏలీము ఆఫీసు గదిలో అర్జీలు సర్దుతున్నాను. పదిహేడుమందిలో మూడు వేలు తేగలిగినవాళ్లు ఐదుగురే, ఐదు గదులకు డిపాజిట్లు వచ్చాయి. ఆరోది, చివరిది, ఇంకా ఎవరికీ కాలేదు. తలుపు తోసుకుని ఫ్లోరెన్స్ గారు, గురునాథరావు గారు, తాతబాబు వచ్చారు. గురునాథరావు గారు తడిసిన గొడుగు మూలన పెట్టి, చొక్కా లోపలి జేబులోంచి ఒక కవరు తీసి బల్ల మీద పెట్టారు.

"రసీదు రాయండి సెక్రటరీ గారూ. మూడు వేలు. ఆరో గది."

"ఎవరి పేరున?"

"విమలమ్మ గారి పేరున."

ఆయన అమ్మను గారు అనడం నేను అంతకుముందు వినలేదు.

"ఎవరిచ్చారు?"

"పన్నెండుమందిమీ," అన్నాడు తాతబాబు. "తలో రెండొందల యాబై. ఏప్రిల్‌లో పద్దెనిమిదేల కోసం మూడు వారాలు కొట్టుకున్నామా? ఇది అరగంటలో అయిపోనాది బాబూ. ఒక్కడు గొంతెత్తితే ఒట్టు!"

గురునాథరావు గారు కిటికీ వైపు చూస్తూ మాట్లాడారు. "నియమాన్ని మేం కాదనడం లేదు. నియమం ప్రకారమే కడుతున్నాం. మా ఆవిడ పోయిన ఏడాది నాకు నలభై రోజులు అన్నం సహించలేదు. ఆవిడ పూటకో రకం గంజి కాచి తెచ్చి, గుమ్మం దగ్గర పెట్టి, పలకరించకుండా వెళ్లిపోయీది. ఆ గంజికి నేను ఏ డిపాజిట్టూ కట్టలేదండీ."

"నేను... నేనే కట్టేవాణ్ణి," అన్నాను. "నా దగ్గర ఉన్నాయి."

ఫ్లోరెన్స్ గారు నన్ను చూశారు. రోగికి సంగతి చెప్పేటప్పుడు నర్సులు చూసే చూపు. కోపం లేదు. "ఉన్నాయని మాకు తెలుసు బాబూ," అన్నారు. "మిమ్మల్ని అడగొద్దని ఆమే అంది." చేతిసంచిలోంచి మడత పెట్టిన అర్జీ ఫారం తీసి కవరు పక్కన పెట్టారు. ముగ్గురూ వెళ్లిపోయారు. గురునాథరావు గారు గొడుగు మరిచిపోయి మళ్లీ వచ్చి తీసుకున్నారు. ఈసారి నా చెయ్యి పట్టుకోలేదు.

ఆ ఫారం నేను తయారు చేసిందే. పేరు, వయసు, సంఘం, ఆరోగ్యం. చివర ఒక గడి: "జబ్బు చేసినా, మరేదైనా జరిగినా ఎవరికి కబురు చెయ్యాలి?" మిగతా ఐదు ఫారాల్లో అక్కడ కొడుకో కూతురో తమ్ముడో ఉన్నారు. అమ్మ ఫారంలో ఫ్లోరెన్స్ గారి పేరుంది. ఫ్లోరెన్స్ గారి దస్తూరీయే. కింద అమ్మ సంతకం మాత్రం అమ్మదే, ఒక్కో అక్షరం విడివిడిగా.

ఫారం పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. అమ్మ పీట మీద కాలు చాపుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"అమ్మా, ఇక్కడ నా పేరు రాయించలేదేం?"

ఆవిడ చేట పక్కన పెట్టి ఫారం వైపు, నావైపు చూసింది. నేను ఎందుకు అడుగుతున్నానో ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

"నువ్వు సెక్రట్రీవి గదా నాయినా. నా కాయితం మీద నీ పేరుంటే ఎవులైనా మాటంటారు. మా అబ్బాయి అలాటివోడు కాడని ఫ్లోరెన్సమ్మకి నానే సెప్పినాను. రాయొద్దన్నాను." ఫారం వైపు వేలు చూపించింది. "తప్పయిందేటి? కొట్టీసి మళ్లీ రాయమంటావా?"

ఆవిడ ముఖంలోకి చూశాను. ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే దాన్ని పట్టుకుని కాళ్ల మీద పడేవాణ్ణి. లేదు. ఆ రోజు వరండాలో నేను అన్న మాటలు నిజమని ఇంకా నమ్ముతున్న మనిషి ఆ ఊళ్లో ఆవిడ ఒక్కతే.

"తప్పేం లేదమ్మా," అన్నాను.

"మరయితే ఎల్లు. వాన తగ్గినట్టుంది, దేవదానం మాస్టారికి పెందరాళే పెట్టీయాల." చేట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

ఆఫీసు గదికి వచ్చి రసీదు రాశాను. విమలమ్మ, మూడు వేల రూపాయలు, ఆరో గది. ఫారంలో ఆ చివరి గడి జోలికి వెళ్లలేదు. దాని కింద, పరిశీలించి ఆమోదించడమైనది అన్న చోట, యేసుదానం, సెక్రటరీ అని సంతకం పెట్టాను.